మత్తడి దూకిన మేదస్సు
(జనగామలో చేసిన స్మారకోపన్యాస పాఠము)

మానుకోటలో 2022లోను, జనగామలోను భూపాలపల్లిలోను 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసిన పిమ్మట, ఈ ప్రాంతమున వైద్యవిషయమును గూర్చి తెలుగున మాటాడువానికి ఇంతటి శ్రోతృవర్గము లభించుట నావంటి వృద్ధునకు పండుగవంటిది.

ఎవరి స్మృత్యర్థము మనమిచ్చట గుమికూడితిమో ఆయన పేరు ఈ చావడిలో ఎఱుగనివారు లేరు. తన పేరు అచ్చులో కనబడినచో మొగము చిట్లించుకొను ఆయన స్వభావమును నేనెఱిగినవాడను గావున, ఈ ఉపన్యాసమునందంతటను ఆయనను డాక్టరుగారనియే వ్యవహరింతును. ఆయన గది ముందరి చెక్కబెంచీమీద జనగామ మెట్టపొలముల రైతులు, మానుకోట తండాలనుండి బస్సు దిగిన లంబాడీ స్త్రీలు, బంధువుల ఇంటికి వచ్చి పనిలో పనిగా చూపించుకొన నెంచిన భూపాలపల్లి బొగ్గుగని కార్మికులు ఒకరి ప్రక్క నొకరు కూర్చుండెడివారు. నేను ఔషధశాస్త్రము బోధించి బ్రతికినవాడనే కాని రోగి నాడి పట్టినవాడను గాను. మందు దేహములో ఏ తలుపు తట్టునో నేను చెప్పెడివాడను, తట్టిన తరువాత ఇంటివారేమనిరో ఆయన చెప్పెడివారు. మా స్నేహమంతయు ఈ ఇచ్చిపుచ్చుకోలుపై నడచినది.

1998 వేసవిలో ఆయన నాకొక ఇన్‌ల్యాండు ఉత్తరము వ్రాసిరి. అందలి సారాంశ మిది: ఆ నాటి బెంచీమీద ఇద్దరు రోగులు ప్రక్కప్రక్కన కూర్చుండిరట. ఒకామె మిరపతోట గల తండావాసిని, తూకమున తొంబది కిలోలకు తక్కువ కాదు, మోకాళ్ల నొప్పికి వచ్చినది. రక్తము పరీక్షించి చూడగా చక్కెర లేశమైనను ఎక్కువ లేదు. రెండవవాడు కాజీపేట, సికిందరాబాదుల నడుమ రైలుపట్టాల వెంబడి సుత్తె భుజాన వేసికొని నడచు గ్యాంగుమనిషి. గాలి వీచిన పడిపోవునట్లు బక్కపలుచని వాడు. వానికి పరగడుపున చక్కెర 210. "మీ పుస్తకములలో షుగరు కొవ్వినవారి జబ్బని వ్రాసియున్నది గదా, ఈ ఇద్దరిని తారుమారుగా ఎవరు కూర్చుండబెట్టిరి?" అని ఆయన ప్రశ్న. దానికి నేను వెంటనే ఉత్తరము వ్రాయలేకపోతిని. సంతృప్తికరముగా వ్రాయగలిగినది పదియేండ్ల తరువాత. నేటి నా ప్రసంగము ఆ ఆలస్యమైన జాబునకు విస్తృతరూపమని భావింపుడు.

ముందుగా కొవ్వు అను మాటపై మనకున్న దురభిమానమును గూర్చి ఒక్క ముక్క చెప్పవలెను. పొగరుబోతును చూచి "ఒళ్లు కొవ్వెక్కినదా" అని తిట్టుట మన వాడుక. ఒక శరీరధాతువును ఇంతగా అవమానించు భాష మఱియొకటి కలదో లేదో నేనెఱుగను. సంస్కృతమట్లు గాదు. నూనెకును, నేతికిని, ప్రేమకును అందులో ఒక్కటే మాట, స్నేహము. ఆయుర్వేదము మేదస్సును సప్తధాతువులలో నాల్గవదిగా లెక్కించి, దాని దుష్టిని ప్రమేహమునకు కారణములలో నొకటిగా చెప్పినది. ధాతువు చెడుట వేఱు, ధాతువు ఉండుట వేఱు అను ఈ వివేకమును ఆధునిక వైద్యము పొందుటకు ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దము దాక వేచియుండవలసి వచ్చినది. అంతవరకు కొవ్వుకణ మనగా నూనె నింపిన తిత్తి మాత్రమే.

కాకతీయులు పాలించిన ఈ గడ్డమీద నిలుచుండి మాటాడువాడు పోలికకై దూరము పోనక్కరలేదు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెరువు త్రవ్వించి కట్టపై శాసనము వేయించినది. భూపాలపల్లి చేరువ గణపురమున గణపసముద్రము నేటికిని పారుచున్నది. చెరువు పని మూడు విధములు: వాన కురిసినపుడు నీటిని పట్టి ఉంచుట, ఎండలో తూము తెరచి కొలతగా విడుచుట, నిండినపుడు మిగులునీటిని మత్తడిమీదుగా దిగువ చెరువునకు పంపుట. గొలుసుకట్టులోని ఒక చెరువు పూడిపోయినదనుకొనుడు. వాన అంతయే, వాగు అదియే. కాని నీరు నిలుచు చోటు లేక, మత్తడి దూకి, దిగువనున్న పొలములను, ఇండ్లను ముంచును. అప్పుడు ఊరివారు నీటిని తిట్టుదురు. తిట్టవలసినది పూడికను.

కొవ్వు కణజాలము దేహమునకు చెరువు. భోజనానంతరము ఇన్సులిన్ వచ్చి, "నిలువ చేయుము, విడువకుము" అని దానికి ఆజ్ఞ యిచ్చును. రక్తములోని ట్రైగ్లిసరైడులు విడివడి కొవ్వు ఆమ్లములై కణములో చేరి, మరల ట్రైగ్లిసరైడులై నిలుచును. రాత్రి ఉపవాసమున ఇన్సులిన్ తగ్గగా తూము తెరుచుకొనును, కొవ్వు ఆమ్లములు మెల్లగా వెలువడి కండరములకు కాలేయమునకు ఇంధనమగును. ఇది ఆరోగ్యము. అయితే కణములు తమ శక్తికి మించి ఉబ్బి, వాటి చుట్టు వాపు కలిగించు రక్షకకణములు గుంపులు కట్టి, ఇన్సులిన్ ఆజ్ఞను ఆ కణజాలము పెడచెవిని పెట్టినపుడు, తూము మూయుటకు వీలులేక కొవ్వు ఆమ్లములు రేయింబవళ్లు రక్తమున పారును. చోటు కాని చోట్ల, అనగా కాలేయమునందును కండరమునందును అవి చేరును. ఫిలిప్ రాండిల్ అను ఆంగ్లేయుడు 1963లోనే కొవ్వును దహించు కండరము చక్కెరను నిరాకరించునని చూపియుండెను. కాలేయములో చేరిన కొవ్వు ఇన్సులిన్ సంకేతమును నడిత్రోవలో అడ్డగించి, అక్కరలేని వేళ కూడ చక్కెరను తయారు చేయించును. రోగికి మనము చక్కెర జబ్బని చెప్పుదుము. మూలమున అది చోటు తప్పిన కొవ్వు జబ్బు.

ఇది కేవలము పోలికల గారడి కాదని నమ్మించుటకు రెండు ఎలుకలను ప్రవేశపెట్టెదను. 1998లో అమెరికాలో కొవ్వు కణజాలమే లేని చిట్టెలుకను సృష్టించిరి. లోకవ్యవహారము ప్రకార మది సుఖముగా నుండవలసినది. కాని దాని కాలేయమంతయు కొవ్వుతో నిండి, దానికి తీవ్రమైన మధుమేహము కలిగినది. 2000లో వేఱొక ఎలుకనుండి కొవ్వు తీసి దాని చర్మము క్రింద నాటగా చక్కెర దిగినది! రెండవ ఎలుక 2007నాటిది: కొవ్వుకణములే స్రవించు అడిపోనెక్టిన్ అను పదార్థము దానిలో అధికముగా పుట్టునట్లు చేసిరి. అది తోటి స్థూలకాయ ఎలుకలకంటెను మిక్కిలి లావై బంతివలె దొర్లినది, కాని దాని చక్కెర మామూలు ఎలుక చక్కెరయే. మన మిరపతోట ఆమె ఈ రెండవ ఎలుకకు అక్కయని డాక్టరుగారికి వ్రాయగా, "ఆమె ముందర ఈ మాట అనకుడు" అని జవాబు వచ్చినది.

ఇక మందు కథ. ఇది ఒకదానికై వెదకగా మఱియొకటి దొరికిన కథ, అందులో తెలుగువారి పాలు చిన్నది కాదు.

1960ల ఆరంభమున ఇంగ్లాండునుండి క్లోఫైబ్రేటు అను మందు వచ్చినది. రక్తమందలి ట్రైగ్లిసరైడులను అది తగ్గించును. ఎట్లు తగ్గించునో ఎవరికిని తెలియదు. దానిని తిన్న ఎలుకల కాలేయకణములలో పెరాక్సిసోములను చిన్నచిన్న తిత్తులు అసంఖ్యాకముగా పెరుగుట మాత్రము సూక్ష్మదర్శినిలో కనబడినది. హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలో చదివి అమెరికా చేరిన జనార్దనరెడ్డిగారు ఈ వింతను పట్టుకొని విడువలేదు. 1975లో కృష్ణకాంతతో కలసి ఆయన, క్లోఫైబ్రేటుతో రూపసామ్యము లేని ఇతర ద్రవ్యములు కూడ ఇదే పని చేయునని చూపెను. రూపము వేఱైనను ఫలము ఒకటే యైనచో, ఇవన్నియు తాకు తాళపుకప్ప ఒకటి కణములో ఉండి తీరవలెనని ఆయన తర్కము. 1983లో ఆయన బృందము అట్టి బంధకప్రోటీను జాడ తీసినది. 1990లో ఇంగ్లాండున ఇస్సెమాన్, గ్రీన్ అనువారు ఆ తాళపుకప్ప జన్యువును పట్టుకొని, ఆ తిత్తుల పేరనే దానికి పీపార్ అని నామకరణము చేసిరి. నేడు దానిని పీపార్ ఆల్ఫా అందుము. కాలేయమున కొవ్వును దహించు యంత్రాంగమునకు అది మీట.

ఇంతలో జపానున టకేడా కంపెనీ రసాయనికులు క్లోఫైబ్రేటుకంటె గట్టిగా కొవ్వును దించు మందుకై 1970ల నడుమ దాని రూపాంతరములను వరుసగా తయారు చేయుచు, మధుమేహము గల లావు ఎలుకలకు పెట్టి చూచుచుండిరి. కొన్నిటికి కొవ్వుతోపాటు చక్కెరయు తగ్గినది! ఇన్సులిన్ ఎక్కువ పుట్టుటచేత కాదు, ఉన్న ఇన్సులిన్ మాటను దేహము వినుటచేత. ఆ వరుసలో సిగ్లిటజోను, తరువాత పయోగ్లిటజోను వచ్చినవి. పది పన్నెండేండ్లు ఇది ఎట్లు పనిచేయునో తెలియకయే పరిశోధన నడచినది. 1994లో స్పీగల్‌మాన్ బృందము, కొవ్వుకణము కొవ్వుకణమగుటకు పీపార్ గామా అను సోదరి గ్రాహకము అధినేత్రియని చూపినది. మరుసటి యేడు గ్లిటజోనులు తట్టు తలుపు సరిగా అదియేనని గ్లాక్సో పరిశోధకులు వెల్లడించిరి.

ఈ రెండు వాక్యములు వినుటకు చిన్నవి. కాని మధుమేహపు మందు తట్టు తలుపు కండరములో లేదు, క్లోమములో లేదు, మనము ఇన్నాళ్లు తిట్టిన కొవ్వులో నున్నది! ఆ తలుపు తెరచుకొనగా చర్మము క్రింది కణజాలములో నిద్రించు మూలకణములు మేల్కొని క్రొత్తవి, చిన్నవి, ఇన్సులిన్‌కు విధేయములైన కొవ్వుకణములుగా మారును, రక్తములో తిరుగు కొవ్వును అవి లోనికి తీసికొనును, కాలేయములోని కొవ్వు తగ్గును, అడిపోనెక్టిన్ పెరుగును. చెరువు పూడిక తీసి, ప్రక్కన నాలుగు కుంటలు త్రవ్వినట్లు. 2015లో మిషన్ కాకతీయ పేర మన ఊళ్లలో పూడికమట్టి ట్రాక్టర్లకెత్తుచున్నపుడు, ఈ పాఠము చెప్పుటకు ఇంతకంటె మంచి నల్లబల్ల దొరకదని నాకు తోచినది.

ఈ గ్లిటజోనులవలన ఒక వింత సంభవించును. రోగి రెండు మూడు కిలోలు బరువెక్కును, చక్కెర దిగును. "సారూ, లావైతున్న, మల్ల షుగరేమో తగ్గెనంటరు, మీ మిషను ఖరాబైనదా?" అని ఒకామె డాక్టరుగారిని నిలదీసినదట. ఆయన మిషనును సమర్థించిరి కాని మందుపై కన్నేసి యుంచిరి. పాదములు వాచినవానికి, గుండె బలహీనమైనవానికి ఆయన దానిని ఎన్నడు వ్రాయలేదు. ఏలయన ఈ మందు దేహమున ఉప్పునీటిని కూడ నిలుపును, ఎముకలను గుల్ల చేయును. విపణికెక్కిన మొదటి గ్లిటజోనైన ట్రోగ్లిటజోను కాలేయమును చెఱచి 2000లో అమెరికా విపణినుండి వైదొలగినది. రోసిగ్లిటజోనును గుండెపోటు శంకపై 2010లో మన ప్రభుత్వము నిషేధించినది. పూడిక తీయు యంత్రము కట్టను కూడ గోకినదన్నమాట.

ఆల్ఫాను, గామాను రెంటిని ఒక్క మందుతో తట్టినచో? కాలేయమున దహనము, మేదస్సున నిలువ. రక్తమున కొవ్వు తగ్గుట, ఇన్సులిన్ మాట చెల్లుట, రెండు ఫలములు. ఈ ఆలోచనను మొదట పట్టుకొన్న ఊళ్లలో మన హైదరాబాదు ఒకటి. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించు రైతు ఇంట పుట్టి, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు పొంది, మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీసును స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు, పరుల మందులను చవకగా తయారు చేయుటతో తృప్తిపడక, క్రొత్త అణువును కనుగొనవలెనను పంతముతో పరిశోధన సంస్థ నెలకొల్పిరి. అక్కడ పుట్టిన బాలాగ్లిటజోనును 1997లోను, ఆల్ఫాగామా రెంటిని తాకు రాగాగ్లిటజారును మరుసటి యేడును డెన్మార్కువారి నోవో నోర్డిస్కు తీసికొనినది. భారతీయ కంపెనీ తాను కనిపెట్టిన అణువును పాశ్చాత్య సంస్థకు అనుజ్ఞాపత్రముపై ఇచ్చుట ఆనాడు వార్త. ఆ రాగాగ్లిటజారు నిర్మాణమును, ప్రభావమును గూర్చి అక్కడి పరిశోధకులు లోహ్రే ప్రభృతులు 2001లో ప్రకటించిన వ్యాసమును నేను తరగతిలో పంచి పెట్టితిని. 2002లో ఎలుకల మూత్రాశయమున కంతులు కనబడుటతో మానవపరీక్షలు నిలిచిపోయినవి. ఆ వార్త విన్ననాడు తరగతిలో పాఠము జరుగలేదు. ఆ తరువాత విదేశములలో ఇదే జాతికి చెందిన మురాగ్లిటజారు, టెసాగ్లిటజారు, అలెగ్లిటజారు ఒకదాని వెంట నొకటి తెరమరుగైనవి. హైదరాబాదు వారి ఓటమి ఒంటరి ఓటమి కాదు. కాని మొదట ఓడినవాడు తరువాతివారికి ఇచ్చిన హెచ్చరికకు చరిత్రలో బాకీ తీరదు.

అంజిరెడ్డిగారు 2013 మార్చి 15న కన్ను మూసిరి. ఆ జూనులో అహమ్మదాబాదు జైడస్ వారి సారోగ్లిటజారు మన దేశమున అనుమతి పొంది, పిమ్మట విపణిలోకి వచ్చినది. ఆల్ఫాగామాలు రెంటిని తాకు ఆ జాతి మందు ప్రపంచమున రోగిచేతికి చేరుట అదియే మొదలు. అదే జూనులో మన ప్రభుత్వము మూత్రాశయ శంకపై పయోగ్లిటజోనును ఆపి, జూలై నెలాఖరున హెచ్చరికతో మరల విడిచినది. ఒక తలుపు మూసి, మఱియొకటి తెరచి, మూసినదానిని మరల తెరచిన ఆ రెండు నెలలలో మందుల దుకాణదారు లెవరికి ఏమి చెప్పవలెనో తెలియక తికమకపడిరి.

సారోగ్లిటజారు ఆల్ఫాను గట్టిగాను, గామాను మెత్తగాను తట్టును. మధుమేహుల రక్తములో పెచ్చరిల్లిన ట్రైగ్లిసరైడులను తగ్గించుటకే దానికి ముందుగా అనుమతి. 24 వారముల పరీక్షలో 4 మిల్లీగ్రాముల మోతాదున ట్రైగ్లిసరైడులు 45 శాతము దిగగా, పయోగ్లిటజోనుతో 15.5 శాతమే దిగినవి. చక్కెరపై దాని ప్రభావము స్వల్పము. ప్రచారపత్రము లేమనినను ఇది మరువరాదు. కాని ఇన్సులిన్‌ను సూదిద్వారా నిరంతరముగా ఎక్కించుచు, చక్కెర పడిపోకుండునట్లు గ్లూకోజు ఎంత పోయవలసి వచ్చునో లెక్కించు క్లాంపు పరీక్షలో, 2019లో ప్రకటితమైన 30 మంది రోగుల ప్రయోగము, నాలుగు నెలల వాడుక తరువాత ఇన్సులిన్ సున్నితత్వము నిజముగనే పెరిగినదని చూపినది. ముప్పదిమంది మాత్రమే, నేను దీనిని ఆశగా చెప్పుచున్నాను గాని తీర్పుగా గాదు. 2020లో కాలేయపు కొవ్వుజబ్బునకు కూడ మన దేశమున అనుమతి దొరకుట, చోటు తప్పిన కొవ్వు అను మన ఆలోచనకు అనుగుణమైనదే.

అయితే రక్తములో కొవ్వు దిగినంతనే చక్కెర దిగునని సూత్రీకరించు విద్యార్థిని నేను సున్న మార్కులతో సత్కరింతును. నికోటినిక్ ఆమ్లము కొవ్వుకణముల తూమును మూయించును, రక్తమున కొవ్వు ఆమ్లములు చప్పున పడిపోవును; కాని మందు ప్రభావము దిగగానే తూము తెగి మునుపటికంటె ఎక్కువగా పారును, చక్కెర పెరుగును. స్టాటినులు కొలెస్ట్రాలును అద్భుతముగా దించి ప్రాణములు నిలుపుచున్నవి. అయినను 13 పరీక్షలలోని 91,140 మందిని కలిపి చూచిన 2010నాటి లెక్కలో వాటివలన మధుమేహము 9 శాతము ఎక్కువగా కనబడినది. అందువలన వాటిని మానుడని నేననుట లేదు, గుండెకు కలుగు మేలు దానికంటె పెద్దది. నేను చెప్పున దేమనగా, ఎంత తగ్గెనని కాక ఎచటికి పోయెనని అడుగవలెను. జనార్దనరెడ్డిగారి బృందమే 2003లో, ఎలుక కాలేయములో గామాను బలవంతముగా పెంచగా ఆ కాలేయము కొవ్వు కణజాలమువలె మారిపోయినదని చూపెను. చెరువులో పెట్టవలసిన తూమును ఇంటిలో పెట్టినట్లు.

ఇక ఆ గ్యాంగుమనిషి. పుణెలో యాజ్ఞిక్ అను వైద్యుడు తన నవజాతశిశువుల అధ్యయనమున, అచటి శిశువులు సగటున 2.7 కిలోలతో, ఇంగ్లాండు శిశువులు 3.5 కిలోలతో పుట్టుచుండగా, మన బిడ్డలలో కండ తగ్గి కొవ్వు మాత్రము తగ్గకుండుటను గమనించెను. 2004లో ఆయన, లండనులోని తన మిత్రుడు యుడ్కిన్ కలసి, తమ ఛాయాచిత్రమునే ఒక వైద్యపత్రికలో వేయించిరి. ఇద్దరికిని ఎత్తుకు తగిన బరువు లెక్క ఒక్కటే, 22.3, కాని దొరగారి దేహమున కొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్ గారి దేహమున 21.2 శాతము. తల్లిగర్భముననే చర్మము క్రింది చెరువు చిన్నదిగా తయారైనవానికి, నాలుగు చినుకుల వానకే మత్తడి దూకును. జొన్నగట్కతో పెరిగి, రేషను బియ్యముతో మూడుపూటల అన్నము తిను తరమువాడు, గనిలో తట్టమోసిన కాలము పోయి సర్ఫేసులో కూర్చుండు పని దొరికిన భూపాలపల్లివాడు, వీరు చూపునకు బక్కవారే. పొట్టలోపల ప్రేవుల చుట్టు, కాలేయమున, చోటు తప్పిన కొవ్వు చేరియుండును. అందుకే మన మగవారికి నడుముకొలత 90 సెంటీమీటర్ల యొద్దనే గీత గీసిరి.

నేనిదంతయు వ్రాసిన జాబు నందుకొని డాక్టరుగారు నన్ను జనగామకు రమ్మనిరి. బెంచీమీద ఆ గ్యాంగుమనిషియే కూర్చుండెను, ఉద్యోగవిరమణ సమీపించిన వాడు. డాక్టరుగారు మెల్లగా, "నీ కడుపుల కొవ్వున్నది, పెద్దమనిషీ, దానివల్లనే ఈ షుగరు" అని చెప్పిరి. అతడు నావైపు ఒకమారు చూచి, ఈ పట్నపు సారు ఏదో తప్పు చెప్పి మన డాక్టరును చెడగొట్టెనని రూఢిపరచుకొని, అంగీ పైకెత్తి ప్రక్కటెముకలు చూపెను.

"బొక్కలే గద సారూ ఉన్నయి. కొవ్వు ఏడున్నది?"

డాక్టరుగారు సొరుగులాగి దర్జీ టేపు తీసి, అతనిని నిలువబెట్టి, ఊపిరి వదలుమని, బొడ్డు మీదుగా చుట్టి, కళ్లజోడు నుదుటి కెత్తి చదివిరి. 94. అతడా అంకెను నమ్మక, టేపును తన చేతికిమ్మని అడిగి, ఒకమారు కాదు, రెండుమారులు తానే కొలుచుకొనెను.